ట్రెయిలర్‌కు ఎడమ మలుపే గండం

గాజువాక: పోర్టులో కంటెయినర్ ఎక్కించుకున్న ట్రెయిలర్ షీలానగర్ వద్ద జాతీయ రహదారి మీదికి వస్తుంది. గాజువాక వైపు రావాలంటే అక్కడ ఎడమకు తిరగాలి. కారుకైతే అది క్షణంలో పని. 40 అడుగుల పెట్టెను మోస్తున్న బండికి మాత్రం కత్తిమీద సాము. తిరిగే ఆ కాసేపట్లో ట్రెయిలర్‌కూ రోడ్డు అంచుకూ మధ్య ఒక్క స్కూటరు దూరినా ప్రాణాల మీదికి వస్తుంది.

విశాఖ వాసులకు ఈ బండ్లు కొత్త కావు. 1933లో పోర్టు మొదలైంది. ఆ తర్వాత ఉక్కు కర్మాగారం, 2003లో కంటెయినర్ టెర్మినల్ వచ్చాయి. అనకాపల్లి-ఆనందపురం ఆరు వరుసల రోడ్డు పడ్డాక, ఊళ్లో పనిలేని లారీలు అటునుంచి అటే పోయే వీలు కలిగింది. పోర్టు సరకు బండ్లకు మాత్రం జనం మధ్య నుంచి రాక తప్పడం లేదు.

అసలు చిక్కు చక్రాల దగ్గరుంది. ఇంజను బండి ఒకటి, దానికి తగిలించిన ట్రెయిలర్ మరొకటి. ముందు చక్రాలు వెళ్లిన జాడలో వెనుక చక్రాలు రావు. మలుపులో అవి మూలను కోసుకుంటూ లోపలికి జరుగుతాయి. బండి ఎంత పొడవైతే అంత లోపలికి. రోడ్డుకు ఎడమ పక్కనే నడిచే మన దేశంలో ఎడమ మలుపు ఇరుకు, కుడి మలుపు విశాలం. అందుకే డ్రైవర్లు కుడి మలుపుకంటే ఎడమ మలుపుకే ఎక్కువ భయపడతారు.

ఇంజను బండిని ముందే కుడికి కొట్టి, ఆనక ఎడమకు తిప్పితే సులువే కదా అనిపిస్తుంది. కొత్త డ్రైవర్లు చేసే పొరపాటు అదే. బండి కుడికి ఒరగగానే ఎడమ పక్కన ఖాళీ ఏర్పడుతుంది. లారీ తమకు దారి ఇచ్చిందనుకుని ద్విచక్ర వాహనాలు అందులోకి వచ్చేస్తాయి. చేయి తిరిగిన డ్రైవరు అలా చేయడు. చాలా ముందుగా ఇండికేటర్ వేస్తాడు. ట్రెయిలర్ తోకను ఎడమ అంచుకు దగ్గరగానే ఉంచి, మూల దాటేదాకా నేరుగా వెళతాడు. ఇంజను బండి బాగా ముందుకు వెళ్లాక స్టీరింగ్ తిప్పుతాడు. చిన్న గేరులో, మనిషి నడకంత వేగంతోనే కదులుతాడు. మలుపు మధ్యలో గేరు మార్చడు.

నిబంధన సంగతి చూస్తే కొంత విచిత్రంగా ఉంటుంది. ఎడమకు తిరిగేటప్పుడు, వదిలే రోడ్డుకూ చేరే రోడ్డుకూ ఎడమ అంచునే వీలైనంత దగ్గరగా పోవాలని 1989 నాటి రోడ్డు నియమాలు చెప్పాయి. కారుకు అది సరిపోతుంది. ట్రెయిలర్ డ్రైవరు దాన్ని అక్షరాలా పాటిస్తే వెనుక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి.

ఇక చూపు మాట. డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమ తలుపు కింద, బంపరును ఆనుకుని ఉన్న మనిషి అతనికి కనబడడు. బండి ఎడమకు మడత పడ్డాక ఎడమ అద్దంలో కంటెయినర్ పక్క గోడ తప్ప మరేమీ ఉండదు. ఒకప్పుడు ఈ లోటు క్లీనరు తీర్చేవాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద అరచేత్తో చరుస్తూ రానీ, ఆపు అని కేకలు వేసేవాడు. ఇప్పుడు చాలా బండ్లలో ఆ మనిషి లేడు. జీతం మిగులుతుందని యజమానులు తగ్గించేశారు. మిగిలింది జీతమే, చూపు కాదు.

సరకు బరువు మరో సమస్య. ఎత్తయిన కంటెయినర్‌తో కాస్త వేగంగా తిరిగినా బండి పక్కకు ఒరుగుతుంది. కంటెయినర్‌ను ట్రెయిలర్‌కు పట్టి ఉంచేవి మూలల్లో ఉండే లాకులు. వాటిని సరిగా బిగించకపోతే మలుపులో పెట్టె జారి పక్క బండి మీద పడవచ్చు. బయలుదేరే ముందు దిగి చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ద్విచక్ర వాహనదారులకూ ఒక గుర్తు ఉంది. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడలేదంటే, మీరూ అతనికి కనబడడం లేదనే లెక్క. ఎడమ ఇండికేటర్ వెలుగుతున్న ట్రెయిలర్ పక్కన ఎంత ఖాళీ ఉన్నా అది దారి కాదు, వెనుక చక్రాలు రాబోయే చోటు. కుడివైపూ పూర్తిగా క్షేమం కాదు. బండి ఎడమకు తిరిగేటప్పుడు దాని తోక కొంత కుడికి విసురుతుంది.

డ్రైవర్లకు కావలసింది పెద్దదేమీ కాదు, మూల ఖాళీగా ఉండడం. మూల మీద ఆటోలు, తోపుడు బండ్లు లేకపోతే అంత పొడవు బండీ ఒక్క ఊపులో తిరిగిపోతుంది. ఒక్క ఆటో నిలిచి ఉన్నా సగం మలుపులో ఆగి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పాలి. ఆ సమయానికి వెనుక హారన్లు మోగుతుంటాయి. దిగి వెనుక ఎవరున్నారో చూడటానికి క్లీనరు ఉండడు.