కారంపూడి వీరుల పండుగకు, ట్రినిడాడ్ కార్నివాల్‌కు పోలికేంటి? వేషంలో, పాటలో దాచుకున్న రెండు చరిత్రలు

ఒకటి పల్నాడులో నాగులేరు ఒడ్డున ఉన్న ఊరు. ఇంకోటి భూగోళానికి అవతలి వైపున్న కరీబియన్ దీవి. ఒకచోట పంబ మోగుతుంది, ఇంకోచోట స్టీల్ డ్రమ్ము మోగుతుంది. భాష వేరు, దేవుళ్లు వేరు. అయినా కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఆరాధనోత్సవాలను, ట్రినిడాడ్ కార్నివాల్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు చోట్లా జనం తమ చరిత్రను పుస్తకంలో కన్నా ముందు పండుగలో దాచుకున్నారు. ఆ చరిత్ర ఏంటి? దాన్ని ఎవరు కాపాడారు? ఇప్పుడు దానికొచ్చిన ముప్పేంటి? వివరంగా తెలుసుకుందాం.

కారంపూడిలో ఆ ఐదు రోజులు ఏం జరుగుతుంది?

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల పండుగ మొదలవుతుంది. ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం నవంబర్‌లోనో, డిసెంబర్ మొదట్లోనో వస్తుంది. వరుసగా ఐదు రోజులు జరుగుతుంది. ఒక్కో రోజుకు ఒక్కో పేరు ఉంది. మొదటి రోజు రాచగావు, రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు, చివరి రోజు కల్లిపాడు.

ఈ పేర్లన్నీ పల్నాటి యుద్ధ కథతో ముడిపడినవే. వీరుల వారసులుగా చెప్పుకునే ఆచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తమ ఇళ్లలో పూజించే ఆయుధాలు తీసుకుని కారంపూడి చేరుకుంటారు. నాగులేరులో స్నానాలు చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, ఆయుధాలను ఊరేగిస్తారు. పూనకాలు వస్తాయి. ఇక్కడి వీర్ల గుడిలో పూజలందుకునేది పురాణాల్లోని దేవుళ్లు కాదు, యుద్ధంలో ఒరిగిపోయిన మనుషులు.

ఇంతకీ కథేంటి?

12వ శతాబ్దం నాటి సంగతి. గురజాలను నలగామరాజు, మాచర్లను మలిదేవరాజు పాలించారు. ఇద్దరూ అన్నదమ్ములే. గురజాల వైపు మంత్రి నాయకురాలు నాగమ్మ, మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. పౌరుషం ముదిరి కోడిపందెం దాకా వచ్చింది. ఓడినవాళ్లు రాజ్యం వదిలి పోవాలన్నది షరతు. మాచర్ల పక్షం ఓడింది. ఏడేళ్ల వలస మొదలైంది.

గడువు తీరాక రాజ్యం తిరిగి అడగడానికి అలరాజు రాయబారిగా వెళ్లాడు. ఆయన నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైపోయాడు. దాంతో కారంపూడి యుద్ధభూమి అయింది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో పాటు ఎందరో వీరులు అక్కడే నేలకొరిగారు. బ్రహ్మనాయుడు చివరికి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని పల్నాడు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కథలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అదే చాపకూడు. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని కథ చెబుతుంది. మాల కులానికి చెందిన కన్నమదాసును ఆయన కొడుకులా పెంచి, సేనాపతిని చేశాడు. అందుకే ఉత్సవాల్లో మందపోరు రోజున ఇప్పటికీ చాపకూడు పెడతారు. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఒక ఆలోచన పుస్తకంలో కాకుండా విస్తరిలో బతికి ఉండటం అంటే ఇదే.

కథను కాపాడింది ఎవరు?

పల్నాటి వీరచరిత్రను శ్రీనాథుడు ద్విపదలో రాశాడని చెబుతారు. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చులోకి తెచ్చారు. 1947లో ఒకసారి, 1966లో ఎన్టీఆర్, భానుమతి ప్రధాన పాత్రలుగా మరోసారి 'పల్నాటి యుద్ధం' పేరుతో సినిమాలూ వచ్చాయి.

కానీ అచ్చు, సినిమా రాకముందు వందల ఏళ్ల పాటు ఈ కథను మోసింది వీరవిద్యావంతులు. దళిత కుటుంబాలకు చెందిన ఈ గాయకులు తండ్రి దగ్గర కొడుకు విని నేర్చుకుంటూ వచ్చారు. కత్తి పట్టుకుని ప్రధాన కథకుడు అడుగులేస్తుంటే పంబ, తాళం, తిత్తి తోడవుతాయి. కథ ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇలాంటి పల్నాటి కథకుడి నోట విన్న కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చారు. చదువుకోవడానికి బడి లేని కాలంలో, రాసుకోవడానికి కాగితం లేని ఇళ్లలో ఇంత పెద్ద కథ నిలబడిందంటే దానికి కారణం పాట, దాన్ని ఏటా పాడించుకున్న పండుగ.

ఇప్పుడు ట్రినిడాడ్ సంగతి చూద్దాం

బ్రియాన్ లారా, కీరన్ పొలార్డ్, సునీల్ నరైన్... క్రికెట్ చూసేవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. వీళ్ల దేశమే ట్రినిడాడ్ అండ్ టొబాగో. క్రైస్తవుల ఉపవాస దినాలు భస్మ బుధవారంతో మొదలవుతాయి కదా, దానికి ముందు వచ్చే సోమ, మంగళవారాల్లో అక్కడ కార్నివాల్ జరుగుతుంది. సోమవారం తెల్లవారకముందే ఒంటికి బురద, రంగు, నూనె పూసుకుని జనం వీధుల్లోకి వస్తారు. దీన్ని 'జూవే' అంటారు. తెల్లారిందని అర్థం వచ్చే ఫ్రెంచ్ మాట నుంచి పుట్టిన పేరు ఇది.

కార్నివాల్‌ను ఆ దీవికి తెచ్చింది ఫ్రెంచ్ తోటల యజమానులు. 1783 తర్వాత వాళ్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వచ్చారు. యజమానులు ముసుగులు వేసుకుని విందులు చేసుకునేవారు. చెరకు తోటల్లో పనిచేసే ఆఫ్రికన్ బానిసలకు అందులో చోటు లేదు. 1838లో వాళ్లకు పూర్తి విముక్తి వచ్చాక పండుగ తలకిందులైంది. వీధి వాళ్లదైంది. యజమానుల వేషాలు వేసి వెక్కిరించారు. చెరకు తోట తగలబడితే అర్ధరాత్రి కొరడా దెబ్బలతో తమను తోలుకెళ్లిన రోజులను కాగడాలు పట్టి, పాటలు పాడుతూ గుర్తు చేసుకున్నారు. ఆ ఊరేగింపు పేరు 'కాన్‌బూలే'. కాలిన చెరకు అని దానర్థం.

డోలు వద్దంటే డ్రమ్ము పుట్టింది

ఇది తెల్ల పాలకులకు నచ్చలేదు. 1881లో రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పోలీసులు కాన్‌బూలేను ఆపబోతే కర్రసాము చేసే జట్లు ఎదురు తిరిగాయి. 1884లో కాగడాలపైనా, డోళ్లపైనా ఆంక్షలు పెడుతూ చట్టం తెచ్చారు. జనం ఊరుకున్నారా? వెదురు బొంగులు నేలకేసి కొడుతూ తాళం వేశారు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చివరికి ఖాళీ చమురు పీపాలు. అలా 1930ల నుంచి 40ల మధ్య స్టీల్‌పాన్ అనే కొత్త వాయిద్యం తయారైంది. 1992లో దాన్ని ఆ దేశం జాతీయ వాద్యంగా ప్రకటించింది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా గుర్తించింది. పేదవాడలో చెత్త డబ్బాగా మొదలైనది అంత దూరం వెళ్లింది.

పాట కూడా అంతే. కలిప్సో పాట అక్కడ ఒకరకంగా న్యూస్ బులెటిన్. ధరలు పెరిగినా, మంత్రి తప్పు చేసినా, మ్యాచ్ గెలిచినా పాట కట్టేస్తారు. 1950లో లార్డ్స్‌లో వెస్టిండీస్ తొలిసారి ఇంగ్లండ్ గడ్డపై టెస్ట్ గెలిచినప్పుడు లార్డ్ బిగినర్ అనే గాయకుడు కట్టిన పాట ప్రపంచమంతా తిరిగింది. ఆ మ్యాచ్ హీరోల్లో ఒకరు సన్నీ రామదీన్. ట్రినిడాడ్‌కు చెందిన భారత సంతతి స్పిన్నర్.

మన పిట్టలదొర, వాళ్ల మిడ్‌నైట్ రాబర్

కార్నివాల్‌లో 'మిడ్‌నైట్ రాబర్' అనే వేషం ఉంటుంది. గొడుగంత టోపీ, నల్ల కోటు, నోట్లో విజిల్, చేతిలో ఉత్తుత్తి ఆయుధం. దారిన పోయేవాళ్లను ఆపి, తాను పుట్టినప్పుడు సూర్యుడు ఆగిపోయాడని, సముద్రాలు తాగేశానని ఊపిరి తిప్పుకోకుండా గొప్పలు చెబుతాడు. డబ్బులిస్తేనే వదులుతాడు.

ఎక్కడో విన్నట్టుంది కదూ? ఖాకీ చొక్కా, చెక్క తుపాకీతో వచ్చి లేని ఆస్తుల గురించి కోతలు కోసే మన పిట్టలదొర, అదే తుపాకీ రాముడు చేసేదీ ఇదే. రెండు వేషాలూ దొరల దర్పాన్ని నవ్వులాటగా మార్చేశాయి.

కథ చెప్పే తీరులోనూ పోలిక ఉంది. మనకు కథ వింటూ ఊ కొట్టడం అలవాటు. ఊ ఆగితే కథ ఆగుతుంది. కరీబియన్ దీవుల్లో కథకుడు 'క్రిక్' అంటే వినేవాళ్లు 'క్రాక్' అనాలి. అలా మొదలయ్యే కథల్లో బాగా పేరున్నవి అనాన్సీ కథలు. అనాన్సీ ఒక సాలీడు. ఆఫ్రికాలోని ఘనా ప్రాంతం నుంచి బానిసల నోటివెంట సముద్రం దాటి వచ్చాడు. బలం లేకపోయినా తెలివితో పులిని బోల్తా కొట్టిస్తాడు. కొరడా కింద బతికినవాళ్లకు ఆ కథ ఎందుకు నచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అక్కడికి మనవాళ్లూ వెళ్లారా?

వెళ్లారు. బానిసత్వం రద్దయ్యాక తోటలకు కూలీలు కావాల్సి వచ్చారు. 1838లో గయానాకు, 1845 మే 30న ట్రినిడాడ్‌కు భారత కూలీల మొదటి ఓడలు చేరాయి. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడివాళ్లు అందరినీ కలిపి 'మద్రాసీలు' అన్నారు. కాలక్రమంలో భాష పోయింది. అమ్మవారి కొలువు, డప్పు, పూనకం, నిప్పుల మీద నడక మాత్రం మిగిలాయి.

మన పీర్ల పండుగ కూడా అక్కడ ఉంది. పేరు 'హోసే'. తాషా వాయిస్తూ, రంగు కాగితాల తాజియాలు మోస్తూ ముస్లింలతో పాటు హిందువులు, ఆఫ్రికన్లు కలిసి చేసుకునేవారు. 1884 అక్టోబర్ 30న శాన్‌ఫెర్నాండో దగ్గర ఈ ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు కూలీలు చనిపోయారు. పాలకులకు ఆ ఏడాది డోలు చప్పుడంటే అంత భయం పట్టుకుంది.

జనం పెరిగారు.. మరి వినేవాళ్లు?

పండుగ పెద్దదవుతున్నకొద్దీ రెండు చోట్లా ఒకే ప్రశ్న వస్తోంది. ట్రినిడాడ్‌లో ఈకలు, పూసల దుస్తులతో సాగే ఖరీదైన బ్యాండ్లు వీధిని నింపేస్తుంటే, మిడ్‌నైట్ రాబర్ లాంటి పాత వేషాలు పక్కకు జరుగుతున్నాయన్న విమర్శ చాలాకాలంగా ఉంది. దానికి వాళ్లు కనిపెట్టిన మందు పిల్లలు. బడి పిల్లలకు కలిప్సో పోటీలు, స్టీల్‌పాన్ పోటీలు పెడుతున్నారు. పాత వేషాలకూ విడిగా వేదికలు ఉన్నాయి.

పల్నాడులో సందడికి కొదవ లేదు. శివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు 80, 90 అడుగుల విద్యుత్ ప్రభలు కదిలివస్తుంటే చూడటానికి లక్షల మంది వస్తారు. ఊరికో ప్రభ, ప్రభకో పౌరుషం. కార్నివాల్ అన్న మాట తెలియకపోయినా పల్నాడుకు ఆ సంబరం బాగా తెలుసు. కారంపూడికీ జనం వస్తారు. ఆయుధాల ఊరేగింపును ఫోన్‌లో వీడియో తీస్తారు.

కానీ ఊరేగింపు రెండు నిమిషాల వీడియోలో పడుతుంది, వీరవిద్యావంతుల కథ పట్టదు. అది వినేవాళ్లు ఉంటేనే నిలిచే విద్య. తండ్రి పాడితే రాత్రంతా కూర్చుని వినే జనం లేనప్పుడు కొడుకు ఎందుకు నేర్చుకోవాలి? కథ పోయినా పండుగ మిగలొచ్చు. అప్పుడు కత్తి ఎవరిదో, కోడి ఎందుకు పోరాడిందో, అందరూ ఒకే చాప మీద ఎందుకు తింటున్నారో చెప్పేవాళ్లు ఉండరు. కన్నమదాసు పేరు లేని చాపకూడు ఒట్టి అన్నదానం అయిపోతుంది.

పల్నాడు బడుల్లో ట్రినిడాడ్ తరహాలో పిల్లలకు వీరగాథ పోటీలు పెట్టడం, మిగిలిన కథకులను పిలిచి పూర్తి కథను వీడియోలో భద్రపరచడం పెద్ద ఖర్చుతో అయ్యే పనులు కావు. చూడటానికి వెళ్లేవాళ్లూ ఒక పని చేయొచ్చు. ఈసారి కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్తే ఆయుధాలతో సెల్ఫీ దిగాక వెంటనే బస్సు ఎక్కేయకండి. పంబ మోగుతున్న చోట కాసేపు కూర్చుని ఊ కొట్టండి.