జెర్సీ మీద ఆ నంబరు ఎందుకు?

ఫుట్‌బాల్ మైదానంలో ఇరవై రెండు మంది పరుగెడుతుంటే, గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు ఎవరు ఎవరో తెలియాలి కదా! నంబర్లు వచ్చింది అందుకే. 1933లో ఇంగ్లండ్ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో ఎవర్టన్ ఆటగాళ్లు 1 నుంచి 11 వరకు, మాంచెస్టర్ సిటీ వాళ్లు 12 నుంచి 22 వరకు వేసుకున్నారు. తర్వాత నంబరంటే ఆడే చోటు అనే లెక్క కుదిరింది: గోల్‌కీపర్‌కి 1, సెంటర్ ఫార్వర్డ్‌కి 9. రగ్బీలో ఇప్పటికీ అంతే.

క్రికెట్లో మాత్రం ఎవరిష్టం వాళ్లది. ధోనీ పుట్టింది జూలై 7న, అందుకే 7 ఎంచుకున్నాడు. శుభ్‌మన్ గిల్‌కి అండర్-19 ప్రపంచకప్‌లో 7 దొరకలేదు. ఇంకో ఏడు పక్కన చేర్చి 77 తీసుకున్నాడు. గడుసువాడే! టెస్టుల్లో తెల్ల చొక్కాల మీదికి నంబర్లు ఎక్కింది మాత్రం 2019లోనే.