పూతరేకు లాంటి సోలారు పూత
తేమ తగిలితే పసుపు తిరుగుతుంది, జాగ్రత్త!

చెరువు గట్టున ఏరేటర్లకో, కొబ్బరితోటలో మోటారుకో సోలారు పలకలు పెట్టించాలని చాలామంది రైతులు చూస్తున్నారు. అప్పు తెచ్చి పెట్టే సొమ్ము అది. పాతికేళ్లు పనిచేయాలి. అందుకే 'పెరోవ్‌స్కైట్' అనే కొత్త రకం మాట మీ చెవిన పడితే, ముందు దాని సంగతి తెలుసుకోండి.

1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన ఒక ఖనిజం పేరు ఇది. అందులో పరమాణువులు పేర్చుకున్న తీరే ఈ పూతలోనూ ఉంటుంది. 2009లో జపానులో మియసాకా బృందం దీన్ని సోలారు సెల్లులో వాడినప్పుడు పడిన వెలుగులో 3.8 శాతమే కరెంటుగా మారింది. 2024లో సిలికాన్ పైన దీన్ని పూసిన చిన్న సెల్లు 34.6 శాతం దాకా వెళ్లింది.

తయారీ ఎలా?

మన ఆత్రేయపురం పూతరేకు గుర్తు చేసుకోండి. పల్చటి పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద లాగితే, నీరు ఆవిరై రేకు మిగులుతుంది. ఇదీ అంతే. సీసం, అయోడిన్ కలిసిన పసుపుపచ్చ పొడి ఒకటి. మిథైల్ అమ్మోనియం అయొడైడ్ అనే తెల్లటి ఉప్పు ఒకటి. రెండింటినీ ఒక ద్రావకంలో కరిగించి అద్దం మీద పల్చగా పూస్తారు. సుమారు 100 డిగ్రీల వేడి పెడితే ద్రావకం ఎగిరిపోతుంది. ఒక్కో సీసం చుట్టూ ఆరు అయోడిన్లు చేరి గూళ్లు కడతాయి. ఆ గూళ్ల మధ్య ఖాళీల్లో తెల్ల ఉప్పులోని మిథైల్ అమ్మోనియం కుదురుకుంటుంది. పసుపు పోయి నల్లగా మారుతుంది. ఆ నలుపే ఎండను పట్టేది.

రేకుకు చిల్లులు పడితే పనికిరానట్టే, ఈ పూతలో సందులుంటే కరెంటు కారిపోతుంది. పూత మందం వెంట్రుకలో నూరో వంతు కూడా ఉండదు. సిలికానును కరిగించడానికి 1414 డిగ్రీలు కావాలి. దీనికి అంత వేడి అక్కర్లేదు. చవక అవుతుందన్న ఆశ అందుకే.

చిక్కంతా తేమతోనే

గాలికి వదిలిన పూతరేకు మెత్తబడినట్టే, నీటి చెమ్మ తగిలితే మిథైల్ అమ్మోనియం గూడు వదిలిపోతుంది. మళ్లీ పసుపు పొడే మిగులుతుంది. ఇక కరెంటు రాదు. అంతర్వేది, ఓడలరేవు పక్క ఉప్పుగాలి, వానాకాలం ముసురు మీకు తెలియనివి కావు. తేమకు ఆగే పూతల మీద హైదరాబాదులోని ఐఐసీటీ, ఏఆర్‌సీఐ సంస్థల్లోనూ పరిశోధన జరిగింది.

ఇంకో సంగతి. చదరపు మీటరు పూతలో సీసం ఒక గ్రాము లోపే ఉంటుంది. అయినా అది విషం, వాననీటిలో కరుగుతుంది. పగిలిన పలకను బోదెలోనో, చెరువు గట్టునో పారేయకూడదు.

కొనేముందు

పలక వెనక చీటీ చదవండి. సిలికానా, కొత్త రకమా అడగండి. పాతికేళ్ల హామీ నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోండి. సముద్రం దగ్గరివారు ఉప్పుగాలి పరీక్ష ఐఈసీ 61701 నెగ్గిందో లేదో చూపించమనండి. ఇవి చూపించలేని సరుకు ఎంత చవకైనా, అప్పు తెచ్చి కొనకండి. పలక పసుపు తిరిగినా మీ బాకీ తీరదు కదా!