విమానానికి పెట్రోలు అయిపోతే...

మా మంగళవాడ నుంచి పావగడకు పోయే దారిలో మోటారు సైకిలు ఆగిపోతే ఏం చేస్తాం? ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి చూస్తాం. రిజర్వుకు తిప్పుతాం. అదీ లేకపోతే తోసుకుంటూ పోతాం. మరి ఆకాశంలో?

మా పెద్దమ్మ కూతురు విమానం నడపడం నేర్చుకుంటోంది. పోయిన ఉగాదికి ఊరికొచ్చినప్పుడు మా అవ్వ అడిగింది: "నడిమధ్యలో నూనె అయిపోతే ఎట్లమ్మే?" అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. "అవ్వ సరిగ్గా అడిగింది" అంది. ఆమె చెప్పినదీ, తర్వాత నేను చదివినదీ కలిపి రాస్తున్నాను.

శిక్షణకు ఎక్కువగా వాడే విమానాల్లో సెస్నా 152 ఒకటి. ఇద్దరు కూర్చోవచ్చు. రెక్కల్లోని రెండు ట్యాంకులూ నిండితే వాడుకోదగ్గ పెట్రోలు సుమారు 93 లీటర్లు. గంటకు దాదాపు 23 లీటర్లు తాగుతుంది. అంటే సుమారు నాలుగు గంటలు. పైకి ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ తాగుతుంది. ఎదురుగాలి ఉంటే చేరడానికే ఆలస్యం. అందుకే పగలైతే కనీసం 30 నిమిషాలకు, రాత్రయితే 45 నిమిషాలకు సరిపడా పెట్రోలు అదనంగా మిగిలేలా లెక్క వేసుకోవాలి.

ఇంజను ఆగితే విమానం రాయిలా పడిపోదు. 3,000 అడుగుల ఎత్తులో ఉంటే, గాలి అడ్డులేనప్పుడు సుమారు 8 కిలోమీటర్లు జారుతూ పోగలదు. ఆలోపు చదునైన నేల దొరకాలి.

ముందున్న ముల్లు చూస్తే చాలదా? చాలదు. విమానం వంగితే ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు పోతుంది, ముల్లూ ఊగుతుంది. కాబట్టి ఎగిరే ముందు రెక్క మీది మూత తీసి, గీతలున్న కడ్డీ ముంచి చూడాలి. మనోళ్ళు ట్రాక్టరు ట్యాంకులో పుల్ల పెట్టి చూసినట్టే! మూత మళ్ళీ గట్టిగా బిగించాలి. వదులుగా ఉంటే పైన పోయే గాలి పెట్రోలును బయటికి లాగేస్తుంది. తర్వాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు గ్లాసులాంటి దాంట్లోకి పట్టి చూడాలి. ఈ పెట్రోలు లేత నీలం రంగు. నీళ్ళు కలిస్తే బరువు కాబట్టి అడుగున వేరుగా నిలుస్తాయి.

కడ్డీతో కొలిచినా లెక్క తప్పితే కష్టమే. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద బోయింగ్ 767కు ఇదే జరిగింది. ఇంధనం చూపే మీటర్లు పనిచేయక, కడ్డీతో కొలిచి లెక్క కట్టారు. 22,300 కిలోల ఇంధనం కావాల్సిన చోట 22,300 పౌండ్లే ఉంది. అంటే సగానికన్నా తక్కువ! 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. పైలట్లు జారుకుంటూ వచ్చి గిమ్లీ అనేచోట పాత రన్‌వే మీద దించారు. 69 మందీ బతికారు.

అక్కకు ఒకరోజు "నింపేశాం, ఎక్కు" అన్నారట. అయినా కడ్డీ ముంచి చూసింది. ఎడమ ట్యాంకు సగమే ఉంది. "వాళ్ళ మీద నమ్మకం లేక కాదు. చూసుకునే వీలు నేల మీదే ఉంటుంది" అంటుంది.

ఇప్పుడు అవ్వ ఫోను చేస్తే "తిన్నావా?" కన్నా ముందు అడిగేది ఇదే: "కడ్డీ ముంచి చూసినావామ్మే?"