మామిడి తోటల రవాణాలో జంట చక్రాలు – ఒంటి చక్రాలు: మార్పుకు ముందు గమనించవలసిన విషయాలు

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం, తవణంపల్లె, యాదమరి మండలాలలో తోతాపురి కోత జూన్, జూలై మాసాలలో ముమ్మరంగా సాగుతుంది. నైరుతి ఋతుపవనాల జల్లులు కూడా అప్పుడే మొదలవుతాయి. కాయను బుట్టలలో పేర్చకుండా వాహనంలో గుట్టగా పోసి, మార్కెట్ యార్డుకో, రహదారి పక్కనున్న ర్యాంపులకో, గుజ్జు పరిశ్రమలకో తరలించడం ఈ ప్రాంతపు పద్ధతి. 2025 సీజనులో తోతాపురికి పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చే విధంగా ధర నిర్ణయమైంది. ఇంత స్వల్ప ధరలో వాహనపు బాడుగ, తోటలో దిగబడిన బండిని బయటకు లాగించే ఖర్చు, నలిగిన కాయ నష్టం రైతుకు చిన్న విషయాలు కావు.

వెనుక ఇరుసుకు ఇరువైపులా రెండేసి టైర్లు ఉన్న చిన్న లారీలు, ముఖ్యంగా 407 తరగతి వాహనాలు, తోటలోకి వచ్చినప్పుడు కొన్ని ఇబ్బందులు ఎదురవుతాయి. జంట టైర్ల నడుమ రాళ్లు ఇరుక్కుంటాయి. తడి బంకమట్టి ఆ సందులో గట్టిపడి రెండు టైర్లను ఒకే దిమ్మెగా మార్చివేస్తుంది. ముందు చక్రం చేసిన గాడిలో వెనుక జంట పట్టదు. కొంత భాగం గాడిలోను, కొంత భాగం మెత్తని నేలపైన నడవడం వలన ఇంజను అధికంగా శ్రమిస్తుంది. బొలెరో పికప్, దోస్త్ వంటి ఒంటి చక్రాల వాహనాలు అదే దారిలో సులభంగా పోవడం చూసిన యజమానులకు, లారీకి కూడా బయటి చక్రాలు రెండూ తీసివేస్తే సరిపోతుంది కదా అనే ఆలోచన రావడం సహజం. ఈ ఆలోచనలో సగం మాత్రమే నిజం.

టైరు ఎంత బరువు మోయగలదో దాని పక్క గోడపైనే ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు 122/118 అని ఉన్నదనుకుందాం. ఇవి నేరుగా కిలోలు కావు, భారసూచికలు. మొదటి అంకె ఒంటిగా బిగించినప్పటిది. దాని విలువ 1,500 కిలోలు. రెండవది జంటగా బిగించినప్పటిది. దాని విలువ 1,320 కిలోలు. జంటలో భారం రెండింటికీ ఎన్నడూ సమానంగా పంపకం కాదు, లోపలి టైరుకు గాలి కూడా తక్కువగా తగులుతుంది. అందుచేతనే జంటలో ఒక్కొక్క టైరుకు పరిమితి తగ్గించారు. నాలుగు టైర్లు కలిసి 5,280 కిలోలు మోయగలిగితే, రెండు మాత్రమే మిగిలినప్పుడు ఆ శక్తి 3,000 కిలోలకు పడిపోతుంది. కాయతో నిండిన లారీ వెనుక ఇరుసుపై 3,600 కిలోలు పడుతున్నదనుకుంటే, జంట చక్రాలలో టైరుకు 900 కిలోల భారం ఉంటుంది. బయటివి తీసివేస్తే అదే 1,800 కిలోలవుతుంది. అనగా పరిమితికి మించి 300 కిలోలు. అటువంటి టైరు తోటలో బాగానే నడిచినట్లు కనిపించి, తారు రోడ్డుపైన వేగం అందుకున్న తరువాత, పక్కగోడ వంగివంగి వేడెక్కి పగులుతుంది. వెనుక జంటలో ఒకటి పగిలితే రెండవది కొంత దూరమైనా బండిని నిలబెడుతుంది. ఒంటి చక్రంలో ఆ ఆసరా లేదు.

చక్రపు నిర్మాణం మరొక విషయం. జంట చక్రాల రిమ్ములు లోతైన పళ్లెం ఆకారంలో ఉండి, వీపు వీపు ఆనించి బిగించబడతాయి. రెండు టైర్ల నడిమధ్య గీత హబ్బు బేరింగులకు సమీపంలో పడేటట్లు ఈ ఏర్పాటు చేశారు. బయటి చక్రాన్ని తీసి లోపలిదానిని ఉంచితే వెనుక చక్రాల మధ్య ఎడం తగ్గిపోయి, ఎత్తుగా కాయ నింపిన బండి వాలుదారిలో పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. చక్రాన్ని తిప్పి బయటికి వచ్చేటట్లు బిగిస్తే భారం బేరింగుల గీతకు దూరంగా పడి, బేరింగు, హబ్బు త్వరగా అరుగుతాయి. పైగా కొన్ని వాహనాలలో స్టడ్డుల పొడవు రెండు రిమ్ముల మందానికి సరిపడా ఉంటుంది. ఒక్క రిమ్మే ఉన్నప్పుడు నట్టు చివరి వరకు వెళ్లి ఆగినా రిమ్ము పూర్తిగా బిగిసి ఉండకపోవచ్చు.

అమెరికాలో పెద్ద పికప్ వాహనాల వెనుక నివాసపు గదిని ఎక్కించుకొని ఎడారులు, అడవిదారులు తిరిగేవారు కొందరు జంట చక్రాలను ఒంటికి మార్చుకొంటారు. వారి కారణాలూ దాదాపు ఇవే: రాళ్ల బెడద, ముందు గాడిలోనే వెనుక చక్రం నడవడం, అన్నిటికీ ఒకే రకపు అదనపు టైరు సరిపోవడం. అయితే వారు చక్రాన్ని తీసివేయడం లేదు. ఇరుసు భారమంతటినీ ఒంటిగా మోయగల పెద్ద టైర్లను, వాటికి తగిన లోతుతో ప్రత్యేకంగా చేసిన రిమ్ములను అమర్చుతున్నారు. ఆ ఖర్చుతో ఇక్కడ ఒక పాత పికప్‌నే కొనవచ్చు.

నేల దృష్టితో చూసినా ఈ మార్పు ఆశించిన ఫలితం ఇవ్వదు. నేల పైపొరపై పడే ఒత్తిడి స్థూలంగా టైరులోని గాలి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. 30–40 సెంటీమీటర్ల లోతుకు చేరే ఒత్తిడిని మాత్రం ఒక్కొక్క చక్రంపై ఉన్న బరువు నిర్ణయిస్తుంది. టైరుకు 900 కిలోలకు బదులు 1,800 కిలోలు పడినప్పుడు, గాలి ఎంత సరిచేసినా అడుగుపొర అధికంగా కుదించుకుపోతుంది. మామిడి ఆహారం తీసుకునే సన్నని వేర్లు అధికంగా పైపొరలలోనే, పాదు అంచుల వరకు పరచుకొని ఉంటాయి. నేల చొరనిరోధం 2 మెగాపాస్కల్ దాటితే సాధారణంగా వేరు ముందుకు పోవడం కష్టమవుతుంది. ఎర్రగరప నేలలు ఎండినప్పుడు సహజంగానే గట్టిపడతాయి. తడిలో చక్రం తొక్కిన చోట ఆ గట్టిదనం మరుసటి కోత వరకు నిలిచిపోతుంది. పైపొరను దున్ని వదులు చేయవచ్చు గాని, అడుగుపొర కుదింపును సరిచేయడం చాలా కష్టం.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షను ప్రకారం రవాణా వాహనపు టైర్ల సంఖ్య, రకం, పరిమాణం, ఇరుసు భారం రిజిస్ట్రేషనులో నమోదవుతాయి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని బలపరచింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట అడిగేది ఆర్.సి. వివరాలు, వాహనపు స్థితి సరిపోలుతున్నాయా అనే. 2018 జూలైలో కేంద్రం సవరించిన పరిమితులలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 11.5 టన్నులు, రెండు టైర్లదానికి 7.5 టన్నులు అనుమతించడంలోనే ఈ రెండూ ఒకటి కావన్న విషయం ఇమిడి ఉన్నది.

కనుక జంట చక్రాల లారీని తోట గట్టు బయటనే గట్టినేలపై నిలిపి, లోపలి నుండి కాయను ఒంటి చక్రాల పికప్‌తో గాని, ట్రాక్టరు ట్రాలీతో గాని తక్కువ బరువులో తెచ్చి ఎక్కించడం మేలు. దీనికి కూలి కొంత పెరుగుతుంది, కాయను రెండుసార్లు ఎత్తి పోయడం వలన దెబ్బ తగలకుండా చూడవలసి ఉంటుంది. లారీని లోపలికి తీసుకురాక తప్పనప్పుడు సాళ్ల మధ్య ఒకే దారిని ఏటేటా వాడాలి. కుదింపులో అధిక భాగం చక్రం మొదటిసారి తొక్కినప్పుడే జరుగుతుంది గనుక, తోటంతా తిరిగే బండి కంటే ఒకే గాడిలో పదిసార్లు తిరిగే బండి తక్కువ నష్టం చేస్తుంది. వాన పడిన తరువాత పిడికెడు మట్టిని ముద్ద చేసి వ్రేలితో నొక్కినప్పుడు అది చిట్లి పొడి అయ్యేంత వరకు వాహనాన్ని ఆపడం మంచిది. తోతాపురి కాయ గట్టిది. ఒకటి రెండు రోజుల ఆలస్యం సాధారణంగా తట్టుకోగలదు. జంట టైర్ల నడుమ రాయిని తోట దాటగానే, రహదారి ఎక్కక ముందే తీసివేయాలి. వేగంలో ఆ రాయి ఎగిరి వెనుక వచ్చే వాహనానికి తగులుతుంది. జంటలోని రెండు టైర్లు ఒకే పరిమాణంలో, ఒకే అరుగుదలతో, ఒకే గాలితో ఉన్నాయో లేదో కోత మొదలయ్యే ముందు చూసుకోవాలి. లోపలి టైరు గాలిని చూడడానికి వంగవలసి వస్తుంది కాబట్టి, చాలామంది దానిని చూడక వదిలివేస్తారు.