పొడవాటి ఫొటో.. బుల్లి గ్రహం!

రెజ్యూమెలో ‘ఫొటోషాప్ వచ్చు’ అని ఒక ముక్క రాసేస్తాం. ఇంటర్వ్యూలో ‘ఏదీ, మీరు చేసిన పని ఒకటి చూపించండి’ అంటే మాత్రం చాలామందికి నోట మాట రాదు. గ్రాఫిక్ డిజైన్, డిజిటల్ మార్కెటింగ్ లాంటి రంగాల్లో తొలి ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఒక సాయంత్రం కేటాయించి ఈ పని నేర్చుకోండి. ఫోన్‌తో తీసిన పనోరమాను గుండ్రటి బొమ్మగా మార్చడం. చేయడం తేలికే. ఎందుకలా వస్తుందో చెప్పగలిగితేనే మీకు మార్కులు!

అసలేమిటిది?

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి, చుట్టూ తిరుగుతూ ఫొటో తీశారనుకుందాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రోడ్డు, భవనాలు. ఆ పొడుగు ఫొటోను వంచి రెండు కొసలూ కలిపేస్తే? కాళ్ల కింది ఇసుక మధ్యలో బంతిలా మారుతుంది. భవనాలు దాని చుట్టూ నిలబడతాయి. ఆకాశం బయటి వలయమవుతుంది. దీన్నే ‘లిటిల్ ప్లానెట్’ అంటారు.

దీని వెనక ఉన్నది లెక్కే. ఫొటోలో ప్రతి చుక్కకూ అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత ఉంటాయి. ‘పోలార్ కోఆర్డినేట్స్’ ఫిల్టర్ అడ్డం కొలతను కోణంగా, నిలువు కొలతను కేంద్రం నుంచి దూరంగా మారుస్తుంది. ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యల్ని మాడ్యులస్, ఆంప్లిట్యూడ్‌లతో రాసి ఉంటే మీకిది పాత చుట్టమే.

ఫొటో తీసేటప్పుడే జాగ్రత్త

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. చాలా ఫోన్ల పనోరమా పూర్తి 360 డిగ్రీలు తిరగదు. దాంతో రెండు కొసలూ కలిసేచోట నిలువునా కోసినట్టు గీత పడుతుంది. ఒకేచోట నిలబడి, ఒక్కో ఫొటో ముందుదానితో మూడోవంతైనా కలిసేలా వరసగా తీయండి. వాటిని ఫొటోషాప్‌లో ‘ఫొటోమెర్జ్’తో, లేదంటే ఉచితంగా దొరికే ‘హగిన్’తో అతికించవచ్చు. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చి ఆపడం మరవద్దు.

నేల, ఆకాశం కలిసే గీత రెండు కొసల్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. వంకరగా ఉంటే గ్రహానికి మెట్టు వచ్చేస్తుంది. నేల భాగం ఎంత ఎక్కువ ఉంటే గ్రహం అంత పెద్దగా వస్తుంది. తక్కువగా ఉంటే చిన్న గ్రహం మీద పెద్ద భవనాలు నిలబడినట్టుంటుంది. ఏది కావాలో ముందే అనుకోండి.

ఫొటోషాప్‌లో ఇలా..

1. ‘ఫిల్టర్’ మెనూలో ‘అదర్’, అందులో ‘ఆఫ్‌సెట్’ తెరిచి, ‘ర్యాప్ అరౌండ్’ ఎంచుకుని ఫొటోను సగం వెడల్పు మేర జరపండి. కొసలు కలిసే గీత మధ్యలోకి వస్తుంది. క్లోన్ స్టాంప్‌తో సరిచేయండి.

2. ‘ఇమేజ్ సైజ్’లో వెడల్పు, ఎత్తుల మధ్య గొలుసు గుర్తు తీసేసి, ఎత్తును వెడల్పుకు సమానం చేయండి. ఫొటో సాగినట్టు కనిపిస్తుంది, కంగారు వద్దు.

3. ఫొటోను 180 డిగ్రీలు తిప్పండి. ఈ ఫిల్టర్ పైఅంచును కేంద్రానికి తెస్తుంది కాబట్టి నేల పైకి రావాలి. తిప్పకపోతే ఆకాశం మధ్యలోకొచ్చి, బావిలోంచి పైకి చూస్తున్నట్టుంటుంది. అదీ బాగుంటుంది, ప్రయత్నించండి.

4. ‘ఫిల్టర్’, ‘డిస్టార్ట్’, ‘పోలార్ కోఆర్డినేట్స్’లో ‘రెక్టాంగ్యులర్ టు పోలార్’ నొక్కండి. గ్రహం సిద్ధం!

5. బ్యాక్‌గ్రౌండ్ లేయర్ తాళం తీసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని గుండ్రంగా సెలెక్ట్ చేసి, బయటి మూలల్ని తొలగించండి. పీఎన్‌జీలో సేవ్ చేయండి. జేపీజీలో పారదర్శకత నిలవదు.

డబ్బులు పెట్టి కొనలేమంటారా? ‘గింప్’ ఉచితం. అందులో ఫొటోను చతురస్రం చేశాక ‘ఫిల్టర్స్’, ‘డిస్టార్ట్స్’లో ఇదే పేరుతో ఫిల్టర్ ఉంటుంది. ‘సర్కిల్ డెప్త్’ వంద శాతం పెట్టండి. ‘మ్యాప్ ఫ్రమ్ టాప్’ టిక్ తీసేస్తే నేలే మధ్యలోకి వస్తుంది. తిప్పే పని లేదు.

అంచుల్లో మసక ఎందుకు?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టే ప్రశ్న ఇదే. పనోరమా వెడల్పు 6000 పిక్సెళ్లనుకోండి. చతురస్రం చేశాక వచ్చే వృత్తం వ్యాసం కూడా 6000. దాని చుట్టుకొలత సుమారు 18,850. అంటే 6000 పిక్సెళ్లు మూడింతలు సాగాయన్నమాట! మసకబారక ఏం చేస్తాయి? పరిష్కారం: ఫిల్టర్ వేశాక బొమ్మను 2000 పిక్సెళ్లకు తగ్గించండి. అప్పుడు చుట్టుకొలత సుమారు 6280. అసలు వెడల్పుకు దగ్గర. గుర్తుంచుకోండి, తుది బొమ్మ వెడల్పు పనోరమాలో మూడోవంతు ఉంటే చాలు. అలాగని 6000 బొమ్మతో ఫ్లెక్సీ వేయిస్తానంటే అంచుల్లో ఆ లోపం బయటపడుతుంది.

ఇంకో మాట. గోళాన్ని బల్లపరుపుగా చూపే ‘స్టీరియోగ్రాఫిక్ ప్రొజెక్షన్’ గురించి టాలెమీ రెండో శతాబ్దంలోనే రాశాడు. హగిన్‌లో ఆ పద్ధతి నేరుగా ఉంది. ఆకారాలు అందులో సహజంగా వస్తాయి. పోలార్ ఫిల్టర్ దానికి దగ్గరి దారి మాత్రమే. ఈ తేడా చెప్పగలిగితే బటన్ నొక్కేవారికీ, పని తెలిసినవారికీ తేడా మీరే చూపించినట్టు.

పోర్ట్‌ఫోలియోలో ఎలా పెట్టాలి?

ఈ ఒక్క బొమ్మతో ఉద్యోగం రాదు. ఫిల్టర్ ఎవరైనా వేస్తారు. కాబట్టి అసలు పనోరమా, గీత సరిచేసిన దశ, తుది బొమ్మ.. మూడూ పక్కపక్కన పెట్టండి. కింద రెండు వాక్యాల్లో ఏ ఇబ్బంది వచ్చింది, ఎలా దాటారో రాయండి. ఆ తర్వాత దాన్ని వాడి చూపండి: కాలేజీ ఫెస్ట్ పోస్టర్, పర్యటక ప్రాంతం కరపత్రం, వీడియో థంబ్‌నెయిల్. ఇతరుల ఫొటోలు అనుమతి లేకుండా వాడొద్దు. మీ ఊరి చెరువుగట్టు, మీ కాలేజీ మైదానం చాలు.

రేపు సాయంత్రం ఎండ తగ్గాక ఫోన్ పట్టుకుని మైదానం మధ్యకు వెళ్లండి. మొదటి గ్రహం వంకరగానే వస్తుంది. ఎందుకు వంకర పోయిందో కనిపెట్టి రెండోది చేయండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఆ రెండోదాని గురించే.