గోడలోని పాత గ్యాసు గొట్టము: విద్యుత్ పనులందు వహింపవలసిన జాగ్రత్తలు

పాత యిండ్లను బాగుచేయించి క్రొత్తగా విద్యుత్ వైరింగు వేయించుకొనుట నేడు పల్లెలందు సర్వసాధారణమైనది. తీగల కొరకు గోడ తొలుచునప్పుడు లోపల నొక ఇనుప గొట్టము బయటపడుట కద్దు. అది నీటి గొట్టమో, పాత గోబరు గ్యాసు గొట్టమో తేల్చుకొనక కోసివేసినచో ప్రాణాపాయము కలుగవచ్చును. జగిత్యాల జిల్లా మేడిపల్లి మొదలగు గ్రామముల పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా గ్రహించి ప్రజలకు తెలియజెప్పవలసియున్నది.

గొట్టము ఎట్లు వచ్చినది?

పశువుల పేడ నుండి వంటగ్యాసు తీయు పద్ధతిని ఖాదీ గ్రామోద్యోగ సంఘము 1960 దశకము నుండి పల్లెలందు ప్రచారము చేసినది. 1981-82లో కేంద్ర ప్రభుత్వము జాతీయ బయోగ్యాసు అభివృద్ధి పథకమును ప్రారంభించినది. 1984లో 'దీనబంధు' అను చౌక నమూనా వెలువడినది. పెరటిలోని తొట్టి నుండి వంటయింటి పొయ్యి వరకు గొట్టము వేయుట ఆనాటి ఏర్పాటు. 1999 నాటి దీపం పథకము, 2016 నాటి ఉజ్జ్వల పథకముల ద్వారా సిలిండర్లు పేద యిండ్లకు సైతము చేరినవి. పశువులును తగ్గినవి. అందుచే పలుచోట్ల తొట్లు మూలబడినవి. పొయ్యి తీసివేసిరి గాని గోడలోని గొట్టము అట్లే నిలిచిపోయినది.

అపాయము ఎందున్నది?

గోబరు గ్యాసులో సగమునకు మించి మీథేను ఉండును. మిగిలినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. గాలిలో మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినను ప్రేలును. వాడుక మానిన తొట్టిలో పేడనీరు మిగిలియున్న యెడల గ్యాసు ఇంకను పుట్టుచుండవచ్చును. మీథేను గాలికంటె తేలిక గనుక పైకప్పు క్రింద చేరును. సిలిండరు గ్యాసు బరువైనది గనుక నేలబారున నిలుచును.

2014 జూన్ 27వ తేదీన కోనసీమలోని నగరం గ్రామమున పెద్ద గ్యాసు పైపులైను నుండి గ్యాసు వెలువడి అంటుకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇంటి గొట్టము దానితో పోల్చదగినంతటిది కాదు. కాని కంటికి కానరాని గ్యాసునకు ఒక్క నిప్పురవ్వ చాలునను పాఠము రెంటికిని ఒక్కటియే.

చేయవలసిన పనులు

1. గొట్టము కనబడినంతనే పని ఆపవలెను. వాసన తగిలినచో ఆ గదిలో స్విచ్చి వేయరాదు, తీయరాదు. తలుపులు తెరచి అందరును వెలుపలికి రావలెను.

2. గొట్టమును తాకుటకు ముందు టెస్టరుతో పరీక్షింపవలెను. పూర్వము ఎవరైనను దానికి ఎర్తు తీగ కట్టియుండవచ్చును.

3. గొట్టపు రెండు కొనలు ఎక్కడికి పోవుచున్నవో వెదకి చూడవలెను.

4. తెలిసిన గ్యాసు ఫిట్టరును పిలిపించి, తొట్టివద్ద వాల్వు మూయించి, గొట్టమును ఆరుబయటనే విడదీయింపవలెను. లోపలి గ్యాసు పోయిన పిదప రెండు కొనలకును మూతలు బిగింపవలెను. ఇది వైరింగు పనివాని పని కాదు.

5. గ్యాసు కారుచున్నదో లేదో సబ్బునీటితో చూడవలెనే గాని అగ్గిపుల్లతో ఎన్నడును చూడరాదు.

6. గ్యాసు గొట్టమును ఎర్తుగా వాడరాదు. అందులో నుండి తీగలు లాగరాదు. ఎర్తునకు వేరుగా గుంట త్రవ్వింపవలెను.

7. పాత తొట్టిలోనికి ఎవరును దిగరాదు. అందలి విషవాయువు వలనను, గాలి చాలనందువలనను మనిషి క్షణములలో స్పృహ తప్పును. అట్లు పడినవానిని తీయబోయి వెంట దిగినవారును ప్రాణములు కోల్పోవుదురు.

పంచాయతీల బాధ్యత

గ్రామమున వాడుకలో ఉన్నవి, మూలబడినవి అగు గోబరు గ్యాసు తొట్ల జాబితాను పంచాయతీ వ్రాసి ఉంచుకొనుట మేలు. గ్రామసభలో ఈ జాగ్రత్తలను చదివి వినిపించి, ఊరిలో వైరింగు చేయువారిని పిలిపించి చెప్పవలెను. సిలిండరు గ్యాసు కారినచో 1906, అగ్నిప్రమాదమునకు 101, విద్యుత్ ఫిర్యాదునకు 1912 నెంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. పశువులున్న యింట మూలబడిన తొట్టిని బాగుచేయించుకొన్నచో ఇంధనము, ఎరువు రెండును దక్కును. పనికిరాని దానిని మాత్రము గ్యాసు పోవనిచ్చి, పైనుండియే మట్టితో పూడ్పించుట క్షేమము. ఒక పూట పని ఆలస్యమైనను ఒక కుటుంబము నిలుచునని సభ్యులెల్లరు ఇంటింటికి తెలుపవలెనని కోరుచున్నాము.